ప్రిన్సిపాల్ మేడమ్‌కి మా అమ్మ అనువాదం

మా అమ్మ గొంతు వారానికి ఒక్కరోజే పెద్దదయ్యేది. ఆవిడ నర్సు. వార్డులో పేషెంట్లు ఉలిక్కిపడకుండా మాట్లాడీ మాట్లాడీ ఇంట్లో కూడా ఆ గొంతే అలవాటైపోయింది. కానీ ఆదివారం మధ్యాహ్నం జనక్‌పురిలో అద్దెహాల్లో జరిగే మా తెలుగు ఆరాధనకి హిందీ పాస్టరుగారెవరైనా వస్తే, ఆయన పక్కన నిలబడి ప్రసంగాన్ని ముక్కముక్కా తెలుగులో చెప్పేది అమ్మే. ఆయన చెయ్యెత్తితే తనూ ఎత్తేది. ఆయన గుండెలు బాదుకుంటే తనూ బాదుకునేది. ఆయన గద్దిస్తే, వెనకవరసలో కునుకు తీసే అంకుల్స్ కూడా సర్దుకుని కూర్చునేలా గద్దించేది. ఈ పనిలో ఆవిడ నియమం ఒక్కటే, సొంత మాట కలపకూడదు. "నోరే మనది, మాట ఆయనది" అనేది.

మా కింది ఫ్లాట్లో ఉండే పంజాబీ అమ్మాయి నా క్లాస్‌మేట్. ఒక ఆదివారం సరదాగా మాతో వచ్చి, అమ్మని చూసి నవ్వాపుకోలేక చున్నీ నోట్లో కుక్కుకుని కూర్చుంది. బయటికి రాగానే నా చెయ్యి పట్టుకుని "యార్, యహీ హమారా ఐటమ్ హై!" అంది. స్కూల్ షోలో మేం స్టేజీ మీద చెయ్యాల్సింది ఇదేనట.

మా స్కూల్లో పన్నెండో తరగతి వాళ్లకి బోర్డు పరీక్షల ముందు ఒకరోజు వదిలేసేవారు. పాటలు, డాన్సులు, హాస్యం, అన్నీ మావే. ఆ ఒక్కరోజు టీచర్లని అనుకరించినా ఎవరూ కోప్పడకూడదు. మా ప్రిన్సిపాల్ మేడమ్ గొలుసుకి వేలాడే కళ్లజోడు చేతిలోకి తీసుకుని, దాంతో గాల్లో పొడుస్తూ, ప్రతి మాట చివరా "ఈజ్ దట్ క్లియర్?" అనేవారు. మా ఐటమ్‌లో నేను మేడమ్‌ని. నా ఇంగ్లీషుని క్యాంటీన్ హిందీలోకి దింపే అనువాదకురాలు ఆ పిల్ల. మెట్ల మీద రిహార్సల్స్ చేసుకుంటూ మాకు మేమే పడీపడీ నవ్వేవాళ్లం.

ఆ నవ్వుల వెనక నాకో గుబులుండేది. నేను నర్సింగ్ చదవాలని అమ్మ ఎప్పుడో తేల్చేసింది. మా పెద్దమ్మ నర్సు, ఇద్దరు పిన్నులూ నర్సులు. మా చుట్టాల్లో ఆడపిల్లకి పాలపళ్లు రాకముందే నర్సింగ్ సీటు గురించి మాట్లాడుకుంటారు. నాకేమో నాటకాల పిచ్చి, అదే చదువుకోవాలని ఆశ. పైగా రక్తం చూడలేను. ఒకసారి తమ్ముడి మోకాలు చెక్కుకుపోతే, కట్టు కట్టించుకోవాల్సినవాడు పాపం నాకే మంచినీళ్లు పట్టాడు. ఇదంతా అమ్మకి ఎలా చెప్పాలో తెలియక ఒక ఉపాయం పన్నాను. నా ఐటమ్ చూసి హాలంతా నవ్వుతుంటే అమ్మ మురిసిపోతుంది కదా, ఆ ఊపులో నర్సింగ్ వద్దని చెప్పేద్దామనుకున్నాను. అందుకే నా ప్రాణాలన్నీ ఆ చిన్న ఐటమ్ మీదే పెట్టుకున్నాను.

తానొకటి తలిస్తే దైవమొకటి తలచిందంటారు చూడండి. షో ముందురోజు ఆ పిల్లకి ఆటలమ్మ పోసింది.

మర్నాడు పొద్దున్న నేను అమ్మ చీర కట్టుకుని, కళ్లజోడు మెళ్లో వేసుకుని, ఒక్కదాన్నే చేస్తానని స్టేజీ దగ్గరికి వెళ్లాను. షో నడిపిస్తున్న ఇంగ్లీష్ టీచర్ జాలిగా చూసి "అకేలీ కైసే కరోగీ, బేటా? డ్రాప్ కర్ దేతే హైఁ" అని, ఒక్కదానివల్ల కాదని ఐటమ్ తీసేశారు. ఏడుపొచ్చింది. నిజంగానే ఏడ్చాను. పూసుకున్న కాటుకంతా బుగ్గల మీదికి దిగింది.

అమ్మ డ్యూటీ నుంచి తిన్నగా వచ్చి, తెల్ల యూనిఫాం మీద మెరూన్ స్వెట్టర్ వేసుకుని, పేరెంట్స్ కుర్చీల్లో కూర్చుని ఉంది. ఇంటికి పోదాం రమ్మని హిందీలో చెప్పాను. అమ్మ తెలుగులో అడగడం, నేను హిందీలో జవాబివ్వడం మా ఇంట్లో మామూలే.

"అదేంటే, చీరంతా కట్టుకుని?" అంది. జరిగింది చెప్పాను.

"ఆ పిల్ల ఏం చెయ్యాల్సింది?"

"జో మై బోలూఁ, వో హిందీ మే బోల్నా థా. సేమ్ యాక్షన్ కే సాథ్." నేనన్న మాటే హిందీలో, నేను చేసినట్టే చేస్తూ చెప్పాలన్నమాట.

"మరి నేను ఆదివారాలు చేసేది అదేగా! నాది వార్డుల్లో మాట్లాడే హిందీ, ఇక్కడ పనికిరాదు. తెలుగులో చెప్తాలే."

"తెలుగు కౌన్ సమ్ఝేగా, మమ్మీ?"

"నీ ఇంగ్లీషు వాళ్లకి ముందే అర్థమవుద్ది కదే. నన్ను ఊరికే చూస్తారు. లే, ముందా మొహం తుడుచుకో" అని హ్యాండ్‌బ్యాగ్ కుర్చీలో పెట్టి లేచింది. తనే వెళ్లి ఇంగ్లీష్ టీచర్‌ని ఒప్పించింది.

స్టేజీ మీద నేను "గుడ్ మార్నింగ్, స్టూడెంట్స్!" అన్నాను. పక్కనుంచి ఆదివారం గొంతు లేచింది. "శుభోదయం, విద్యార్థులారా!" హాలు నిశ్శబ్దమైపోయింది. అయిపోయాం రా దేవుడా అనుకుని, కళ్లజోడుతో గాల్లో పొడిచి "ఈజ్ దట్ క్లియర్?" అన్నాను. అమ్మ యూనిఫాం జేబులోంచి పెన్ను తీసి, అచ్చం అలాగే పొడిచి, "తెలిసిందా, తెలియలేదా?" అని గర్జించింది. ఇక చూడాలి, హాలు గొల్లుమంది. నేను ముక్కు చిట్లిస్తే అమ్మ చిట్లించింది, నేను నడుం మీద చెయ్యేస్తే అమ్మ వేసింది. ముందువరసలో అసలు మేడమ్ తన కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటున్నారు.

చివరికి మేడమ్ ఏటా చెప్పే మాటకొచ్చాను. "యూ విల్ ఆల్ బికమ్ డాక్టర్స్ అండ్ ఇంజనీర్స్!"

అమ్మ వెంటనే అందుకోలేదు. నా మొహంలోకి ఒకసారి చూసి, పెన్నెత్తి మొదలుపెట్టింది.

"మీరందరూ డాక్టర్లూ ఇంజనీర్లూ అవుతారంట! ఈ పిల్లని నర్సువి కమ్మని నేనూ అన్నాను! రక్తం చూస్తే కళ్లు తిరిగేదానికి నర్సింగేంటి? దీన్ని పేషెంట్లు చూసుకోవాలి! దీని మనసు ఈ స్టేజీ మీదుందని కన్నతల్లికి తెలీదా? దీనికి నచ్చిందే చదువుకోనివ్వండి! తెలిసిందా, తెలియలేదా?"

నేనన్నది ఒక్క ముక్క, ఆవిడ చెప్పింది చాటభారతం. ఆ పొడవు చూసి జనం కుర్చీలు పట్టుకుని నవ్వారు. వెనకనుంచి అబ్బాయిలు "ట్రాన్స్‌లేటర్ ఆంటీ కీ జై!" అని కేకలు. నేను మాత్రం కొయ్యబారిపోయాను. తర్వాతి మాట గుర్తు లేదు.

"ముగించవే, అవతల పాట వాళ్లు నిలబడ్డారు" అని అమ్మ వార్డు గొంతుతో గొణిగింది.

సాయంత్రం బస్టాండులో వేరుశనక్కాయలు వొలుచుకుంటూ నిలబడ్డాం. మాటలు ఎంతసేపు కూడదీసుకున్నానో, చివరికి తెలుగులోనే అడిగాను. "సొంత మాట కలపకూడదని నువ్వేగా అంటావు?"

"దేవుడి మాటకి కలపకూడదు. మీ ప్రిన్సిపాల్ మాటకేం?"

"అయితే అది నవ్వించడానికి అన్నావా, నిజంగా అన్నావా?"

అమ్మ నా అరచేతిలో నాలుగు గింజలు పోసింది.

"హాలంతా నవ్వింది. నువ్వు నవ్వలేదుగా" అంది.