చెడ్డ రోజు చెప్పమన్న మనిషి

మంగళవారం పొద్దున దీపం పెట్టి లేచేసరికి ఫోన్ మోగుతోంది. టీచరమ్మ కూతురు. "ఆంటీ, అమ్మ పోయింది. జస్ట్ నౌ. నిద్రలో," అంది. ఆ పిల్లకి తెలుగు ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఆ రోజు ఇంగ్లీషు కూడా అలాగే వచ్చింది. వస్తున్నానని చెప్పి ఫోన్ పెట్టేసి మళ్ళీ దేవుడి ముందు కూర్చున్నాను. ఏమీ అడగలేదు. అడగవలసిందంతా ముందే అడిగి ఉన్నాను.

మా చెల్లి వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని పాలల్లో సీరియల్ తింటోంది. దానికి ఈ మాట చెప్పడానికి నాకు సాయంత్రం దాకా పట్టింది.

టీచరమ్మ నిజానికి టీచరు కాదు. ఇక్కడ అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇంటికి దగ్గర్లో, వయసు వచ్చినా మనసు పసిదిగా ఉండిపోయినవాళ్ళ కోసం ఒక డే సెంటర్ ఉండేది. అందులో ఆమె సహాయకురాలు. తొమ్మిదింటి నుంచి మూడింటి దాకా పన్నెండు మందికి తినిపించడం, బాత్‌రూమ్‌కి తీసుకెళ్ళడం, తువ్వాళ్ళు మడతపెట్టడం నేర్పడం ఆమె పని. స్టేట్ ప్రభుత్వం డబ్బు కౌంటీకి, అంటే జిల్లాకి, కౌంటీ నుంచి సెంటర్‌కి వచ్చేది. ఆ డబ్బు వచ్చినన్నాళ్ళే ఆ తలుపు తెరుచుకునేది. మా చెల్లి మొదటి రోజు ఇంటికొచ్చి "టీచరమ్మ" అంది. చిన్నప్పుడు దాన్ని బళ్ళో వారం రోజులు కూర్చోబెట్టి ఇంటికి పంపేశారు. ఆ వారంలో నేర్చుకున్న మాట అదొక్కటే అనుకుంటాను. మా ఇంట్లో ఆ పేరే నిలిచిపోయింది.

మేం నలుగురం అక్కచెల్లెళ్ళం. నేను పెద్దదాన్ని, ఇది ఆఖరుది. వీసా కాగితాలు పెట్టిన పదకొండేళ్ళకి అది ఇండియా నుంచి నా దగ్గరికి వచ్చింది. స్టేట్ సాయం అందడానికి ఇంకో అయిదేళ్ళు ఆగాలన్నారు. ఆ అయిదేళ్ళూ నేను ఇల్లు కదల్లేదు.

సెంటర్లో దాన్ని దింపిన మొదటి రోజు నేను పార్కింగ్ లాట్‌లోనే కూర్చున్నాను. పదకొండింటికి ఎవరో కారు అద్దం తట్టారు. టీచరమ్మే. నాకంటే మూడేళ్ళు పెద్దది, వరంగల్ వైపు మనిషి. లోపల చెల్లి నా గురించి అన్న మాట పట్టుకుని నన్నూ అక్కా అనే పిలిచింది.

"ఏందక్కా, గీడనే కూసున్నవ్? ఇంటికి పోరాదు."

"ఏడుస్తుందేమోనని."

"ఆమె ఏడుస్తలేదు. నువ్వే ఏడ్సెటట్టున్నవ్. పోయి ఇంత తిని పండుకో."

వెళ్ళి పడుకున్నాను. పగటిపూట నిద్రపోయి ఎన్నేళ్ళయిందో.

ఆమెకి చిన్న చిన్న అలవాట్లుండేవి. బల్ల కింద బూట్లు విప్పేసి మేజోళ్ళతో తిరిగేది. ఫ్లాస్క్‌లోంచి టీ మూతలో పోసుకుని తాగేది. ఎవరి నోటికి ఏది అందించినా ముందు చూపించి, కావాలా అని అడిగి, జవాబు కోసం ఆగేది. కొందరికి జవాబు రావడానికి నాలుగైదు నిమిషాలు పట్టేది. చెంచా అలా గాలిలోనే ఉండేది. "అడిగి ఆగాలె అక్కా. ఆగకపోతే అడిగినట్టు గాదు," అనేది. నలభై ఏళ్ళుగా దాన్ని సాకుతున్నామనుకున్న ఇంట్లో ఎవరమూ అలా ఆగలేదు.

తర్వాత కార్ల కంపెనీలు కుదేలయ్యాయి. మా వారి ఉద్యోగం పోయింది, ఒహాయోలో కాంట్రాక్ట్ పనికి వెళ్ళారు. స్టేట్ దగ్గర డబ్బు లేదన్నారు. సాయం తీసుకుంటున్న ప్రతివాళ్ళనీ మళ్ళీ పరీక్షించి, ఎవరికి ఎంత అవసరమో తేలుస్తామని ఉత్తరాలు వచ్చాయి. మా వంతుకి ముందు రోజు టీచరమ్మ నన్ను పక్కకి పిలిచింది.

"మంచి దినం దేవునికి చెప్పుకో. స్టేట్‌కు చెడ్డ దినం చెప్పు. ఉన్నయాట్ల అన్నిటికన్న చెడ్డ దినం. సమజైందా?"

తలూపాను. కానీ మర్నాడు పొద్దున నా చేతులు ఇంకో పని చేశాయి. చెల్లికి తలంటి, జడ వేసి, కొత్త చుడీదార్ తొడిగి బొట్టు పెట్టాను. అంతకు ముందు వారమంతా దానికి "మై నేమ్ ఈజ్" నేర్పించి ఉన్నాను. వచ్చే మనిషి కోసం ఉప్మా చేశాను. లాప్‌టాప్ పట్టుకుని ఒక చిన్న అమ్మాయి వచ్చింది. స్నానం తనే చేస్తుందా అని అడిగింది. చేస్తుందన్నాను. బట్టలు? వేసుకుంటుంది. ఒంటరిగా బయటికి వెళ్ళిపోతుందా? లేదు, చాలా నెమ్మది. చుట్టాలు వచ్చినప్పుడు మా అమ్మ సరిగ్గా ఇవే మాటలు చెప్పేది. చెల్లి తన పేరు తప్పు లేకుండా చెప్పింది. ఆ అమ్మాయి మెచ్చుకుని వెళ్ళింది. నాకు కడుపు నిండినట్టయింది.

రెండు వారాలకి ఉత్తరం వచ్చింది. సెంటర్‌కి వెళ్ళే అయిదు రోజులు వారానికి ఒక రోజయింది.

ఆ కాగితం తీసుకుని టీచరమ్మ దగ్గరికి వెళ్ళాను. చదివి ఒళ్ళో పెట్టుకుంది.

"పెండ్లిచూపులు జేసినవా అక్కా?"

ఉప్మా కూడా చేశానన్నాను.

"పిల్ల నచ్చిందట. ఇగ మీ ఇంట్లనే ఉంచుకొమ్మన్నరు."

తర్వాత అప్పీల్ చేద్దామని నా ముందు కాగితాలు పెట్టి పెన్ను ఇచ్చింది. "స్నానం సంగతి రాయి." సహాయం కావాలి అని రాశాను. కొట్టేయించింది. "ఏం సాయం? ఎవరు కడుగుతరు, ఏడేడ కడుగుతరు, కడుగుతుంటె ఏం జేస్తది, అన్నీ రాయి." మూడు కాగితాలు రాయించింది. స్టవ్ వెలిగించి వెళ్ళిపోయిన రోజు, జనవరిలో చెప్పుల్లేకుండా రోడ్డు మీద దొరికిన రోజు. రాస్తుంటే దాన్ని నడివీధిలో నిలబెడుతున్నట్టే ఉంది.

అప్పీల్ విచారణకి టీచరమ్మ జీతం లేని సెలవు పెట్టి మాతో వచ్చింది. చెల్లిని దింపడానికి చోటు లేక వెంట తీసుకెళ్ళాను. దాని ఎదుటే ఆ మూడు కాగితాలూ చదివాను. దానికి ఇంగ్లీషు రాదు. అయినా తల దించుకునే కూర్చుంది. మూడు రోజులు తిరిగి ఇచ్చారు. వచ్చేటప్పుడు టీచరమ్మ దారిలో కారు ఆపించి దానికి ఫ్రెంచ్ ఫ్రైస్ కొనిచ్చింది. నాకేసి చూడలేదు.

మరుసటి ఏడాది బడ్జెట్‌లో సెంటర్ డబ్బే పోయింది. తాళం పడింది. పన్నెండు మందీ ఎవరిళ్ళకి వాళ్ళు చేరారు. టీచరమ్మ ఉద్యోగంతో పాటు ఇన్సూరెన్స్ కూడా పోయింది. అప్పటికే ఆమెకి కడుపునొప్పి ఉంది. మందుల షాపులో దొరికే మాత్రలతో ఏడాది గడిపింది. ఆ ఏడాదంతా బుధవారం బుధవారం మా ఇంటికి వచ్చి చెల్లి దగ్గర కూర్చునేది. "నువ్వు గుడికి పో అక్కా. నా తరఫున గూడ ఒక దండం పెట్టు," అనేది. పెట్టాను. అది నొప్పి కోసం పెట్టమన్న దండమని నాకు తెలియదు. ఆస్పత్రికి వెళ్ళేసరికి ఆలస్యమైందన్నారు.

పోయిన చలికాలం ఆమె మంచం పట్టింది. కూతురు ఉద్యోగానికి వెళ్ళకపోతే ఇల్లు గడవదు. పగలు కొన్ని గంటలు మనిషిని పంపమని స్టేట్‌కి అప్లై చేశారు. ప్రశ్నలు అడగడానికి వచ్చే రోజు కూతురికి సెలవు దొరకలేదు. "ఆంటీ, మీరు ఉంటారా?" అంది. చెల్లిని తీసుకుని వెళ్ళాను.

తలుపు తీసి చూస్తే టీచరమ్మ మంచం మీద లేదు. కుర్చీలో ఉంది. ఇస్త్రీ చీర కట్టుకుంది. మొహానికి పౌడరు, నున్నగా దువ్విన తల. మంచం కింద ఉండే బేసిన్ ఎక్కడో దాచేసింది. ఒక్కత్తీ ఎంతసేపు పడితే ఇదంతా చేసిందో నాకు తెలియదు. 

స్టేట్ నుంచి లాప్‌టాప్‌తో వచ్చిన అమ్మాయి వంట చేసుకోగలరా అని అడిగింది.

"యెస్."

స్నానం?

"యెస్. మైసెల్ఫ్."

నావైపు చూడకుండా చెబుతోంది. రెండు మాటలకే ఊపిరి సరిపోవడం లేదు.

"లేదు," అన్నాను నేను.

"అక్కా, సాలు."

నేను ఆపలేదు. గిన్నె ఎత్తే సత్తువ లేదన్నాను. రెండు వారాలుగా కూతురే ఒళ్ళు తుడుస్తోందన్నాను. దుప్పట్లు రోజుకి ఎన్నిసార్లు మారుస్తోందో, ఎందుకు మారుస్తోందో చెప్పాను. నాకు ఆ విద్య నేర్పింది ఆమే. ఆమె ఎదుట, ఆమె మీదే వాడాను.

అర్హత ఉందని జవాబు వచ్చింది. ఈ ఏటికి డబ్బు లేదు, పేరు వెయిటింగ్ లిస్ట్‌లో పెట్టామన్నారు. ఆమె పోయిన మంగళవారం దాకా వంతు రాలేదు. ఆ నెలలన్నీ కూతురు, నేను, చెల్లి వంతులు వేసుకున్నాం. టీచరమ్మ నా మీద కోపం ఉంచుకోలేదు. ఆ రోజు మాట మాత్రం ఇద్దరం మళ్ళీ ఎత్తలేదు. నేను చేసింది ఒప్పో తప్పో ఇప్పటికీ దేవుడి ముందు పెడుతూనే ఉన్నాను.

ఆ గది మాత్రం నా కళ్ళ ముందు నుంచి పోదు. నేను దుప్పట్ల గురించి చెబుతున్నాను. టీచరమ్మ మొహం గోడకి తిప్పుకుంది. అప్పుడు మూల నేల మీద కూర్చున్న మా చెల్లి లేచింది. కోటు ఇంకా విప్పలేదు. వెళ్ళి ఆ కుర్చీకీ ఆ అమ్మాయికీ మధ్య నిలబడి, టీచరమ్మ వైపు తిరిగి, కోటు అంచులు రెండు చేతులతో పట్టుకుని బారుగా చాపింది, స్నానం చేసే మనిషికి చాటు పట్టినట్టు. ఆ అమ్మాయికి కోటు వీపు తప్ప ఏమీ కనబడదు. టైప్ చేస్తూనే ఉంది. నేను చెబుతూనే ఉన్నాను. చెల్లి చేతులు దించలేదు.