రెండు సీసాలకు ఒకే నంబరు

జుల్మా బెంతాంకోర్ ఒకచోట కుదురుగా ఉండగా మోంతెవిదేయోలోని ఆ పరిశోధనశాలలో ఎవరూ చూడలేదు. చంకలో వేడినీళ్ల ఫ్లాస్కు, చేతిలో మాతే ఆకుల కషాయం పోసిన సొరబుర్ర. గొట్టంతో ఆ చేదు కషాయం పీలుస్తూ సీసాల బీరువాల మధ్య తిరుగుతూనే ఉంటుంది. కాలు కాలిన పిల్లి అని వెనక నవ్వుకునేవారు. అక్కడ ఎవరు ఏ పదార్థం తయారుచేసినా, అది ఇదివరకే ఉందో లేదో చూసి నంబరు ఇవ్వడం ఆమె పని. ముప్ఫై నాలుగేళ్లుగా అదే చేస్తోంది.

ఆ పనిలో ఒక చిక్కుంది. కొన్ని అణువుల్లో ఒక హైడ్రోజన్ ఇవాళ ఈ పరమాణువు దగ్గరుంటే రేపు పక్కదాని దగ్గరకు చేరుతుంది. ఒకరు దాన్ని ఒకలా గీస్తారు, మరొకరు ఇంకోలా గీస్తారు. పదార్థం మాత్రం ఒకటే. కంటితో పోల్చి చూసే రోజుల్లో ఒకే పదార్థానికి మూడు నంబర్లు పడి, జుల్మా తల పట్టుకునేది. బొమ్మలన్నిటినీ ఒకే రూపానికి మార్చే కంప్యూటర్ ప్రోగ్రాం వచ్చినప్పుడు అందరికంటే ముందు సంబరపడింది ఆమే. అందరికంటే ఎక్కువ నమ్మిందీ ఆమే.

ఆ ఏడు మార్చిలో ప్రోగ్రాంకి కొత్త వెర్షన్ వచ్చింది. శీతల గది ఇరుకైపోవడంతో, ప్రోగ్రాం ఒకటేనని తేల్చిన జతల్లో పాత సీసాను పారేయమన్నారు. మొదటి జాబితా మీద జుల్మా చూడకుండానే సంతకం పెట్టింది. రెండోది నెల తర్వాత ఒక బుధవారం వచ్చింది, శుక్రవారానికి పారేయాలి. అందులో 4416, 4417 పక్కపక్కన కనిపించేసరికి ఆమె వేలు అక్కడే ఆగింది.

అవి మిర్తా ఒలసాబల్ చేసినవి. ఇప్పుడు తాక్వారెంబోలో బడిపిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్న మిర్తా పదకొండేళ్ల కిందట ఈ పరిశోధనశాలలోనే విద్యార్థిని. వాటి అణువులు అద్దంలో ప్రతిబింబాల్లాంటివి: ఒకటి కుడిచేతి తొడుగైతే రెండోది ఎడమచేతిది. మిగతా అంతా ఒకటే. చాగాస్ జబ్బు క్రిమిని 4416 చంపుతుంది, 4417 దాని జోలికే పోదు. ఆ కుడిఎడమల తేడాకు మూలమైన హైడ్రోజన్‌ను ప్రోగ్రాం తన నియమం ప్రకారం పక్కకు జరిపేసరికి ఆ తేడా బొమ్మలోంచి ఎగిరిపోయింది. పారేయాల్సింది 4416.

జుల్మా జాబితా పట్టుకుని డైరెక్టర్ విల్సన్ అర్రాంబిదే గదిలోకి వెళ్లింది.

"ఇవి రెండూ ఒకటి కావు విల్సన్."

"జుల్మా గారూ, ఆ హైడ్రోజన్ నిజంగానే జరిగే రకం. ఇన్నేళ్లు సీసాల్లో ఉండి, రెండూ సగం కుడి, సగం ఎడమ అయిపోయి ఉండొచ్చు."

"బొమ్మలో జరగడానికి రెప్పపాటు చాలు. సీసాలో జరిగిందని నీకెవరు చెప్పారు?"

"జరగలేదని మీకెవరు చెప్పారు?"

"అందుకే కదా, చూద్దాం పదమంటున్నా. నీకు సీసా కడగడం నేర్పినదాన్ని. ఒక్క గంట ఆగలేవా?"

"ఆగకపోతే మీరు బతకనిస్తారా," అంటూ విల్సన్ లేచాడు.

అతను చెప్పిందే నిజమైతే? దారి పొడుగునా ఆమెకు అదే భయం. ద్రావణంలోంచి కాంతిని పంపి, అది ఎటు తిరుగుతుందో చూసే పరికరం ముందు నిలబడి వేళ్లు నలుపుకుంది. కుడిఎడమలు సగం సగం కలిసిపోయి ఉంటే కాంతి ఎటూ తిరగదు. 4416 కాంతిని ముప్ఫై ఎనిమిది డిగ్రీలు కుడికి తిప్పింది. 4417 అంతే ఎడమకు తిప్పింది. విల్సన్ జాబితాలో ఆ వరుస కొట్టేశాడు.

ఇంకొకరైతే అక్కడితో ఇంటికి పోయేవారు. జుల్మాకు కాలు నిలవలేదు. మొదటి జాబితా తీసింది. నలభై ఒక్క జతలు. చాలా వాటిలో ప్రోగ్రాం చెప్పింది అక్షరాలా నిజం. ఆమె ఊపిరి పీల్చుకోబోయింది. ముప్ఫై మూడో వరుసలో 4420, 4421. అవీ మిర్తావే, అవీ కుడిఎడమలే. 4420 పారేసి నెల దాటింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటే ఇదే. జాబితా కింద సంతకం తనదే.

ఎవరికీ చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసి, ఫోన్ తీసింది.

"జుల్మా గారూ! ఇన్నేళ్లకు గుర్తొచ్చానా? పింఛను తీసుకుని మమ్మల్ని మరిచిపోయారనుకున్నా."

"పింఛనుకింకా టైముందిలే. మిర్తా, నీ 4416 బతికింది. 4420 పోయింది. పారేయించింది నేనే. చూడకుండా సంతకం పెట్టాను."

అవతల పిల్లల గోల వినిపించింది. తర్వాత తలుపు మూసిన చప్పుడు.

"అన్నిట్లోకీ బాగా పనిచేసింది అదే," అంది మిర్తా నెమ్మదిగా. "దాన్ని విడదీయడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది."

క్షమించమని అడగబోయింది జుల్మా. ఆ మాటతో సీసా తిరిగి రాదు.

"పింఛనుకు ముందు నా చేతిలో తొమ్మిది నెలలే ఉన్నాయి," అంది. "మొదటి రోజు ఏం చేశావో చెప్పు, రాసుకుంటున్నా."