ఎడం ఉంది, రండి

మామగారి కొత్త కారును నేను సముద్రంలోకి వెనక్కి నడిపిన కథ ఇది. ఎవరూ చావలేదు, ఎవరికీ జ్ఞానోదయం కాలేదు. సుగుణ ఉన్నన్నాళ్లు దీన్ని తనే చెప్పేది. తను చెబితే అల తాటిచెట్టంత లేచేది. నిజానికి మోకాలి దాకా కూడా రాలేదు. ఇప్పుడు చెప్పేది నేను కాబట్టి అలను ఉన్నంతే ఉంచుతాను. నా తెలివితక్కువను తగ్గించడం మాత్రం నా చేత కాదు.

ముందు ఒక మాట గురించి చెప్పాలి. మాది మదురై. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం, కోపం వస్తే రెండూ. సుగుణ వాళ్లది కోయంబత్తూరు పక్క పల్లె. వాళ్లదీ తెలుగే, కానీ సేద్యం చేసిన వాళ్ల తెలుగు. మాదానికంటే పాతది, గట్టిది. మా ఇంట్లో ఎడమ పక్కను లెఫ్ట్ అంటాం. ‘ఎడం’ అంటే మాకు చోటు. తమిళం నుంచి ఎప్పుడో వచ్చి, మా ఇంట్లో చాప వేసుకుని కూర్చున్న మాట అది. బస్సులో ఎడం, పంక్తిలో ఎడం, బీరువాలో ఎడం. వాళ్లింట్లో మాత్రం ఎడం అంటే ఎడమే. పెళ్లయిన ఏడాది దాకా ఈ తేడా మాకు తెలియలేదు. తెలియడానికి ఒక సముద్రం కావలసి వచ్చింది.

మామగారు కారు కొని ఇంకా సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు. రామనాథపురం నుంచి తీరం వెంబడి కన్యాకుమారి దాకా మేమే నడుపుకుంటూ పోతామని సుగుణ అడిగింది. కూతురికి కాదనలేక, అల్లుడికి ఔననలేక ఆయన రెండు రోజులు అన్నం సరిగా తినలేదట. నాకు లైసెన్సు ఉంది. కానీ అప్పటిదాకా నేను నడిపిన మహాయాత్ర మదురై నుంచి పక్కనే ఉన్న వాడిపట్టి దాకా. ఆ సంగతి నేను చెప్పలేదు. ఆయనకు తెలిసినట్టే ఉంది.

“మాప్పిళ్ళై, వండి పోయినట్లే రావల,” అని కారు తాళం ఈ అల్లుడి చేతిలో పెట్టారు. వండి అంటే మా వైపు బండి. పెట్టాక కూడా కాసేపు వదల్లేదు.

దారి పొడవునా అందరూ సముద్రం చూస్తారు. నేను అద్దాలు చూశాను. లారీ ఎదురైతే ఊపిరి ఆపేవాణ్ణి. మేక ఎదురైతే బండే ఆపేవాణ్ణి. ఊరు దాటినప్పుడల్లా మామగారి ఫోను.

“ఏంగ, కొంచం సముద్రం చూడండి,” అంది సుగుణ.

“నేను సముద్రం చూస్తే వండిని ఎవరు చూస్తారు?”

రామనాథపురం దాటాక, ఒక జాలరిపల్లె పక్కన తీరానికి ఇసుక బాట కనిపించింది. నీళ్లు తాకి వద్దామని అడిగింది. ఒడ్డు దాకా పోయాను. గట్టు మీద ఒక పడవ బోర్లించి ఉంది. తిరిగిపోదామని బండి తిప్పేసరికి దాని వీపు సముద్రం వైపుకు వచ్చింది, ముందు ఎడమ పక్కన ఆ పడవ. దాన్ని తప్పించాలంటే కొంచెం వెనక్కి రావాలి. సుగుణ దిగి వెనక నిలబడింది. నేను అద్దం దించి రివర్సు వేశాను.

“ఎడం,” అంది.

చోటుందన్నమాట. వెనక్కి వచ్చాను.

“ఎడం, ఎడం.”

బాగా చోటుందన్నమాట. ఇంకా వచ్చాను. తను గొంతు పెంచి, రెండు చేతులూ ఊపుతూ అదే మాట అరుస్తోంది. వెనకాల అంత విశాలమైన లోకం ఉందని భార్యే హామీ ఇస్తుంటే ఏ మగవాడు ఆగుతాడు చెప్పండి. నా డ్రైవింగు మీద నాకు జీవితంలో మొదటిసారి నమ్మకం కలిగింది. ఆ నమ్మకంతోనే వెనక చక్రాలు తడి ఇసుకలో దిగాయి.

“ఎడం అని ఎన్ని సార్లు చెప్తిని?”

“నువ్వు ఎడం ఉందంటివి. అందుకే వస్తిని.”

“ఉందని ఎవరు చెప్పిరి? ఎడం పక్క తిప్పమంటిని.”

ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఎన్నో తరాల కింద ఒకే దారిన దక్షిణానికి నడిచొచ్చిన మా పెద్దలు, ఒకే మాటను చెరొక అర్థంతో మూట కట్టి మా ఇద్దరి కోసం దాచిపోయారు.

అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు అంటారు. నేను మామసొమ్మును సముద్రానికి దానం చేయబోతున్నాను. ఒక అల వచ్చి టైరును ముట్టి పోయింది. తర్వాతది టైరు దాటింది. పోటు మీద ఉంది సముద్రం. అప్పుడే ఫోను మోగింది.

“ఎక్కడుండారు?” అన్నారు మామగారు.

“సముద్రం దగ్గర, నాయనా,” అంది సుగుణ. “బాగా దగ్గర.”

“వండి ఎట్లుండాది?”

“చల్లగా ఉండాది.”

ఫోను పెట్టేశాక తను నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

“నాయన మిమ్మల్ని నమ్మి ఇయ్యలేదు,” అంది. “మీకు బాగా వస్తాదని నేను చెప్తే ఇచ్చిరి.”

అంతవరకూ కారు పోతుందేమోనన్న భయమొక్కటే ఉండేది. అప్పుడు దాని పక్కన ఇంకో పెద్ద భయం వచ్చి కూర్చుంది. కారు మునిగితే ఇంకోటి వస్తుంది. నా కోసం తను ఇచ్చిన మాట మునిగితే?

కొంచెం దూరంలో కొందరు వల లాగుతున్నారు. పరుగెత్తి బతిమాలాను. వల గట్టెక్కేదాకా చేతులు వదలలేమన్నారు. న్యాయమే. వాళ్లు వల వైపు చూస్తుంటే నేను బంపరు వైపు చూశాను. నీళ్లు నంబరు ప్లేటులో ఒక్కొక్క అంకెనే చదువుకుంటూ పైకి వస్తున్నాయి.

చివరికి తాడు తెచ్చి కారు ముందు కట్టారు. నన్ను వెనక తొయ్యమని, సుగుణను స్టీరింగు ముందు కూర్చోబెట్టారు. ఆ నిర్ణయం మీద ఎవరికీ రెండో అభిప్రాయం లేదు. అందరూ ఒక్కసారి లాగారు. కారు గేదెలా ఊగి పైకి లేచింది. ఎడమ పక్కన పడవ ఉంది. పడవకీ కారుకీ మధ్య చోటు చాలు. తనకు ధైర్యం చెబుదామని, “ఎడం ఉండాది, రా,” అన్నాను.

నేను నా భాషలోనే అన్నాను. తన భాష అప్పుడే నేర్చుకున్నానని తను నమ్మింది. ఎడమకు తిప్పింది.

పడవకు ఏమీ కాలేదు.

తను దిగి తలుపు మీది సొట్ట చూసింది. “ఇప్పుడు సరికి సరి,” అంది.

కన్యాకుమారి వదిలేసి వెనక్కి తిరిగాం. ఒట్టన్‌చత్రంలో కూరగాయల లారీల మధ్య కారు కడిగించాం. మామగారి వాకిట్లో ఎడమ పక్కను గోడకు ఆనించి, పిల్లి కూడా దూరకుండా నిలిపాను. సుగుణ నా సీటు మీదుగా దిగింది. ఆయన భుజం మీది తువ్వాలుతో కుడి పక్కంతా తుడిచి చూసుకున్నారు. ముందు నుంచి తిరిగొచ్చి గోడ దగ్గర ఆగారు.

“ఎడం?” అన్నారు.

“ఎడం లేదు మామా,” అన్నాను.

నా భాషలో అది నూటికి నూరు పాళ్లు సత్యం. ఆయన భాషలో అది ఎడమ పక్క దెబ్బేమీ లేదన్న మంచి వార్త. తలూపి లోపలికి పోయారు.

కాఫీ వచ్చేలోపే సుగుణ అంతా చెప్పేసింది. నేను నేల చూస్తూ కూర్చున్నాను. మామగారు గ్లాసు ఖాళీ చేసి పక్కన పెట్టారు.

“వండి పోయినట్లే రాలేదు, సరే,” అన్నారు. “మీరిద్దరూ పోయినట్లే వస్తిరి గదా.”

ఆ రోజే ఆ గోడ సాక్షిగా ప్రమాణం చేశాను. కారులో కూర్చున్నంతసేపు ఆ మాట నా నోట రాదు. లెఫ్ట్ లెఫ్టే, చోటు చోటే.

సుగుణ పోయాక మామగారు ఆ కారు నాకే ఇచ్చారు. సొట్ట తీయించలేదు. మొన్న మా మదురై వైపు కంబం దారిలో బస్సు తప్పిన ఒక పెద్దాయన చెయ్యెత్తాడు. పక్క సీటు వైపు తొంగి చూసి, ఎడం ఉందా అని తమిళంలో అడిగాడు.

“ఉంది,” అని తలుపు తీశాను. అంతకు మించి ఒక్క మాట అనలేదు. ప్రమాణం ఇంకా చెల్లుబాటులోనే ఉంది.