బాబాయి కుడికంటికి నేను పెట్టిన పరీక్ష

మొన్న మా మేనల్లుడు మోటారు సైకిలు మీంచి పడి కనుబొమ్మ పగలగొట్టుకుని, ఆ కన్ను కనపడటం లేదంటే విజయవాడ తీసుకువెళ్ళాం. అక్కడ మా అమ్మాయి వయసున్న డాక్టరమ్మ కంటి నుంచి మెదడుకు పోయే నరాన్ని కంప్యూటర్ తెర మీద చూపించి, నరంలో నీటి కదలికను బట్టి బొమ్మ తీసే స్కానింగు ఇదని, నీరు కదలక బిగుసుకున్నచోట ఇలా తెల్లగా మెరుస్తుందని, దెబ్బ ఇక్కడేనని వేలు పెట్టి మరీ చెప్పింది. బియ్యపు గింజలో సగం లేని ఆ మచ్చను చూసి నేను కుర్చీ తెర దగ్గరికి లాక్కున్నాను. ఎందుకంటే ఆ మచ్చనే నలభై ఏళ్ళ కిందట మా బాబాయి తలలో నేను మామిడికాయలతో వెతికాను.

ఎనభైల్లో మాట. ఆగిరిపల్లి పక్కన మా తోట కోతకొచ్చింది. మా బాబాయి చెట్టు కింద నిలబడి ఒక్కసారి పైకి చూసి కాపెంతో చెప్పేవాడు. ఆయన చెప్పాక కాయలే తమ లెక్క సరిదిద్దుకునేవని ప్రచారం చేసింది నేనే గానీ, తోటలు గుత్తకు పట్టేవాళ్ళు ఆయన చూపు కోసం జి. కొండూరు నుంచి వచ్చి మా అరుగు మీద కూర్చునేవారన్నది మాత్రం నిజం. ఆ చూపే ఆ ఇంటికి అన్నం. అలాంటివాడు ఆ కోతలో చెట్టెక్కి, కొమ్మ విరిగి పడి, కుడి కనుబొమ్మ ఎడ్లబండి నొగకు కొట్టుకున్నాడు. ఆ చప్పుడు గన్నవరంలో దిగే విమానానికి కూడా వినపడిందని నేను చెబుతుంటాను. నిజానికి పక్క చెట్టు మీదున్నవాళ్ళకే వినపడలేదు.

నూజివీడులో రెండు కుట్లు వేసి పంపించారు. కన్ను ఎర్రబడను కూడా లేదు. కుడిపక్క ఏదో చీకటిగా ఉందని బాబాయి అంటే, అప్పుడే బడిలో సైన్సు మాస్టారుగా చేరిన నేను, పదకొండు కప్పల్ని కోసిన అనుభవంతో రంగంలోకి దిగాను. ఆయన్ను అరుగు మీద కూర్చోబెట్టి, వాకిలి చివర పిన్నిని నిలబెట్టి, ఒక్కొక్క కాయే ఎత్తి చూపించమన్నాను. బంగినపల్లి, చిన్నరసం, కలెక్టరు, అన్నీ రకం పేరుతో సహా చెప్పాడు. ఒకదానికి తొడిమ దగ్గర మచ్చుందనీ చెప్పాడు. చూపు బ్రహ్మాండంగా ఉందని నేను ప్రకటించడం, పిన్ని కళ్ళు తుడుచుకుని ఆవకాయ ముక్కలు కొట్టడానికి కూర్చోవడం చకచకా జరిగిపోయాయి. ఎడమకన్ను మూయించాలన్న ఆలోచన ఇంత పొడుగు సైన్సు మాస్టారికి రాలేదు.

మూడో రోజు ఆయన మంచినీళ్ళ గ్లాసు కోసం చెయ్యి చాచి గాలిని పట్టుకున్నాడు. విజయవాడలో పెద్ద డాక్టరు ఎడమకంటిని అరచేత్తో మూసి వేళ్ళు చూపిస్తే వేళ్ళేవీ అని అడిగాడు బాబాయి. టార్చి వేస్తే కుడి కంటిపాప ముడుచుకోలేదు.

"రెప్ప మీద గీతైనా పడలేదు గదండీ, చూపెటు పోయిందండీ?" అంది పిన్ని.

"కన్ను బాగానే ఉందమ్మా. వెనకాల నరం నలిగినట్టుంది. అది నాక్కూడా కనపడదు."

మొదటి రోజే తెస్తే దక్కేదా అని వరండాలో డాక్టరు చొక్కా పట్టుకున్నంత పని చేశాను. తెలియదన్నాడు. ఆ తెలియదన్న మాట అప్పట్నుంచీ నాతోపాటే కంచం ముందు కూర్చుంటోంది. ఆ తరువాత గుత్తవాళ్ళు మా అరుగెక్కడం తగ్గించారు. ప్రతి వేసవిలోనూ నేను మాత్రం బాబాయి ఎడమకన్ను మూసి, కుడికంటి ముందు కాయ పట్టుకుని, దేవుడి ముందు నిలబడ్డట్టు నిలబడేవాణ్ణి.

"పచ్చగా తెలుస్తోందిరా. వచ్చేస్తుందిలే, కంగారు పడకు" అనేవాడు.

ఆ మాట మీదే బతికాను. ఒక ఏడాది, పాడుబుద్ధి ఊరుకోక, వట్టి చెయ్యి పట్టాను. ఆయన ఎప్పటిలాగే నవ్వి, పచ్చగా తెలుస్తోందిరా అన్నాడు. అవును బాబాయ్, బంగినపల్లే అన్నాను. మరి ఆ పరీక్ష మళ్ళీ పెట్టలేదు.

ఇప్పుడు తెర మీద అంతా కనపడుతోంది. మందు మొదలుపెట్టాం, చూపెంత వస్తుందో ఇప్పుడే చెప్పలేమని డాక్టరమ్మ అంటుండగా, మంచం మీది నుంచి మేనల్లుడు నా చెయ్యి పట్టుకుని, "వస్తుందా మావయ్యా?" అన్నాడు. వచ్చేస్తుందిలే అందామని నోరు తెరిచాను. తెర ఇంకా ఆపలేదు. ఆ మాట అనడానికి బాబాయికి దొరికిన చీకటి మాకు లేదు. ఆ తెల్లమచ్చ మా ఇద్దరి మధ్యా వెలుగుతూనే ఉంది.