బొమ్మ మూలన మోకరిల్లిన దాత

శుక్రవారం పొద్దున అయిదున్నరకి కాన్‌బెర్రా శివారు గంగాలిన్‌లో ట్రామ్ ఎక్కేసరికి చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. నాకంటే ముందే సుభద్ర ఆంటీ స్టాపులో నిలబడి ఉన్నారు. ఒక చేతిలో పులిహోర డబ్బాల సంచీ, ఇంకో చేతిలో చేగోడీల డబ్బా. మేం వెళ్తున్నది సిడ్నీలో ఒక పెద్ద చిత్రశాలకి, అయిదు వందల ఏళ్ల నాటి ఇటలీ బొమ్మలు చూసి సాయంత్రానికి తిరిగి రావడానికి. ఆవిడ సామాను చూస్తే వారం రోజుల తీర్థయాత్రకి బయల్దేరినట్టుంది.

ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకున్నానో ముందు చెప్పాలి. నేను వైజాగ్‌లో బొమ్మలు వెయ్యడం నేర్చుకున్నదాన్ని. కాన్‌బెర్రా వచ్చాక ప్రభుత్వ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే పనిలో పడి పన్నెండేళ్లు పెద్ద బొమ్మ జోలికి పోలేదు. ఇప్పుడు మా తెలుగువాళ్లు పండగలు చేసుకునే హాల్లో గోడకి శ్రీనివాస కల్యాణం బొమ్మ కావాలన్నారు. పన్నెండు అడుగుల కాన్వాసు. నాకు మళ్లీ ప్రాణం లేచొచ్చింది. ఖర్చంతా ఆంటీగారి భర్త, రిటైరైన గుండె డాక్టరు శేషగిరి అంకుల్ పెట్టుకుంటానన్నారు.

రెండు వారాల కిందట అంకుల్ మా ఇంటికొచ్చి, టీ తాగుతూ నా నమూనా చూశారు. అందులో ధరణీదేవి చెంబుతో నీళ్లు పోస్తుంటే ఆకాశరాజు పెళ్లికొడుకు కాళ్లు కడుగుతున్నాడు. అంకుల్ ఆ ఇద్దరి మీద వేలు పెట్టి, "ఇక్కడ నా ఫేస్ పెట్టెయ్, ధరణీదేవికి మీ ఆంటీ ఫేస్. ఫోటోస్ వాట్సాప్ చేస్తాలే" అన్నారు. దేవుడికి పిల్లనిచ్చిన మామగారు కావాలట! సిడ్నీ దగ్గరి హెలెన్స్‌బర్గ్ గుళ్లో దాతల పలక మీద తన పేరుని జేబురుమాలుతో తుడిచి మరీ ఫోటో తీయించుకున్న మనిషి. నాకు ఒళ్లు మండింది. శనివారానికల్లా చెప్తానన్నాను. కాదంటే ఫ్లెక్సీ కొట్టించి తగిలిస్తామని కమిటీవాళ్లు అప్పుడే సెలవిచ్చారు.

కాదనే చెప్పాలని తేల్చుకున్నాను. కానీ ఉత్త చేతులతో చెప్పదలచుకోలేదు. ఆ కాలం ఇటలీలో చిత్రకారులందరూ వడ్డీ వ్యాపారుల దగ్గరా, ఉన్ని వర్తకుల దగ్గరా డబ్బు తీసుకుని దేవుడి బొమ్మలు వేసినవాళ్లే. వాళ్లు ఈ అంకుల్స్‌తో ఎలా నెగ్గుకొచ్చారో కళ్లారా చూడాలనిపించింది. సంగతి తెలిసి ఆంటీ ఫోన్ చేశారు. "నేనూ వస్తానే. ఆయనకి చెప్పకు, షాపింగ్ అన్నాను" అన్నారు. దాత భార్యని వెంటబెట్టుకుని దాత మీద యుద్ధానికి బయల్దేరడం నాకే నవ్వొచ్చింది.

ఆరుంబావుకి సిటీలో సిడ్నీ బస్సు ఎక్కాం. టికెట్లు ముందే ఫోన్లో తీసుకున్నాను. వెళ్లదలచుకున్నవాళ్లు కుడివైపు కూర్చోండి, అరగంటలో జార్జ్ సరస్సు కనిపిస్తుంది. ఎండిపోయిన ఏళ్లలో అందులో గొర్రెలు మేస్తుంటాయి. ఈసారి నీళ్లున్నాయి, గొర్రెలు లేవు. పక్క వరసలో ఒక ఇటలీ పెద్దాయన కూర్చున్నాడు. నలభై ఏళ్లు టైల్స్ పని చేసి మానేశాడట, చెల్లెల్ని చూడ్డానికి వెళ్తున్నాడు. ఆంటీ చేగోడీలు పెట్టగానే స్నేహం కుదిరింది. నేను సంగతంతా చెప్పాను.

ఆయన చేగోడీని వేలికి ఉంగరంలా తొడుక్కుని నవ్వాడు. "మా ఊరి చర్చిలో కూడా డబ్బిచ్చినాయన బొమ్మలో ఉన్నాడమ్మా. కింద మూలన, మోకాళ్ల మీద. ఆ ముక్కు మా ఊళ్లో ఇప్పటికీ ముగ్గురికి ఉంది."

"ఆయన్ని దేవుడి పక్కన నిలబెట్టలేదా?" అన్నాను.

"అడిగే ఉంటాడు. మా చిత్రకారుడు మోకాళ్ల మీదే ఉంచాడు."

ఆ మాట నోట్‌బుక్కులో రాసుకున్నాను. పావు తక్కువ పదికి సిడ్నీ సెంట్రల్ స్టేషన్ దగ్గర దిగి, కాఫీ తాగి, పార్కులు దాటుకుంటూ అరగంట నడిచాం. ఆ బొమ్మల గదికి టికెట్ లేదు. సంచీలు మాత్రం కింద అప్పజెప్పాలి. పులిహోర ఇవ్వనని ఆంటీ కాసేపు మొరాయించారు. బొమ్మలు చూసి గీసుకోవాలనుకునేవాళ్లకి ఒక మాట: పెన్సిల్ తప్ప ఏదీ లోపలికి రానివ్వరు. నా పెన్నులు కూడా పులిహోరతో పాటే కిందే ఉండిపోయాయి.

గది చిన్నదే. బంగారు రేకు అద్దిన చెక్క పలకలు, ముదురు నీలం పైటలు. గైడుగా స్వచ్ఛందంగా పనిచేసే ఒక పెద్దావిడ మా వెంట తిరిగి వివరంగా చెప్పింది. అప్పట్లో బొమ్మకి ముందే ఒప్పందం రాసుకునేవారట. బంగారం ఎంత, నీలం ఏ రకం, మనుషులెందరు, గురువుగారు స్వయంగా ఎవరి మొహాలు వెయ్యాలి, శిష్యులకి ఏవి వదలచ్చు, అన్నీ అందులో ఉండేవట. అంకుల్ కూడా నాకు బంగారు రేకు ఇరవై నాలుగు క్యారెట్లదే ఉండాలని మెసేజ్ పెట్టారు. అయిదు వందల ఏళ్లయినా మనిషి మారలేదనుకున్నాను.

ఒక పలక ముందు ఆగాం. మరియమ్మ సింహాసనం మీద, ఒళ్లో పసివాడు. కింద కుడి మూలన నల్ల అంగీ వేసుకున్న వర్తకుడు చేతులు జోడించి మోకరిల్లి ఉన్నాడు. మొత్తం మనిషి మరియమ్మ మోకాలి ఎత్తు లేడు. కానీ ఆ మొహం! గడ్డం కింద కొవ్వు మడత, బుగ్గ మీద పులిపిరి, నిద్ర చాలని కళ్లు. ఏదీ దాచలేదు చిత్రకారుడు. వెనక తెల్లటి ముసుగుతో అతని భార్య. చిన్నగా ఉన్నా నాకు ముందు కనిపించినవాళ్లు ఆ ఇద్దరే. నా ఆయుధం దొరికిందనుకుని సంబరపడ్డాను.

"బొమ్మలో ఉండాలని ఎందుకు అడిగేవారు? గొప్పకేనా?" అన్నాను గైడుతో.

"చాలామంది గొప్పకే. కొందరు జబ్బు తగ్గితే మొక్కు తీర్చుకోవడానికి. కొందరు బిడ్డ దూరమైతే. ఈయన సంగతి మాత్రం మాకు తెలీదు" అంది ఆవిడ.

ఆంటీ అక్కణ్ణించి కదల్లేదు. మోకరిల్లిన ఆ ఇద్దరినీ చూపించి మెల్లగా అన్నారు. "చూడవే, ఆయన దేవుణ్ణి చూస్తున్నాడు. ఈవిడ చూపు మాత్రం ఆ పిల్లాడి మీదే ఉంది."

ఒంటిగంటకి ఎదురుగా పచ్చిక మీద కూర్చుని పులిహోర విప్పాం. పొడుగు ముక్కు ఐబిస్ పక్షులు రెండు చుట్టూ చేరాయి, ఆంటీ చెప్పు చూపించి అదిలించారు. తర్వాత, నేనేమీ అడక్కుండానే మొదలెట్టారు.

"మా అమ్మాయి సింధు మ్యారేజ్ సంగతి నీకు తెలుసుగా. పెర్త్‌లో రిజిస్ట్రీ ఆఫీస్, ఇద్దరు విట్నెస్‌లు. మాకు ఫోటో వచ్చింది. అబ్బాయి బంగారమే, తప్పు పట్టను. అక్కడే పియారా వాటర్స్‌లో ఇల్లు కొనుక్కున్నారు, ఐ యామ్ హ్యాపీ. కానీ అది పుట్టిన ఏడు తెనాల్లో ఒక వెండి చెంబు కొన్నాను. దాని కన్యాదానంలో నీళ్లు పొయ్యడానికి. వీసా వచ్చి ఇక్కడికొచ్చినా హ్యాండ్ బ్యాగులో పెట్టుకుని తెచ్చా. ఒకసారి కూడా వాడలా. పాడవుతుందేమోనని శుక్రవారం శుక్రవారం తోముతుంటా, అంతే."

నేను పులిహోర డబ్బా మూత పెట్టేశాను.

"ఓరోజు తోముతుంటే మీ అంకుల్ గుమ్మంలో నిలబడి చూశారు. నథింగ్, ఏమన్లా. ఆ మర్నాడే ఈ బొమ్మ గొడవ మొదలెట్టారు. నేను ధరణీదేవినట! ఆయనకి నోటితో చెప్పడం చేతకాదమ్మా. హార్టులు కోశారు గానీ అది మాత్రం నేర్చుకోలా."

నాకు చాలా సిగ్గనిపించింది. రెండు వారాలుగా ఆయన్ని ఇంట్లో అందరి ముందూ ఎద్దేవా చేశాను. సరే, అడిగింది వేసేద్దామా అని కూడా ఒక క్షణం అనిపించింది. కానీ పొద్దున చూసిన ఆ తెల్ల ముసుగావిడ వదల్లేదు. ఆంటీకి కిరీటం, వడ్డాణం పెడితే హాల్లో జనం వేషాన్ని చూసి నవ్వుకుంటారు. ఆంటీ మాత్రం ఎవరికీ కనిపించరు. ఆ నీళ్లు ఆవిడ తన చేత్తో పోసినట్టు ఉండదు. కాదనే చెప్తాను, అయితే ఆవిడకి చెందాల్సింది ఇచ్చి మరీ చెప్తాను.

మళ్లీ లోపలికి పరిగెత్తాను. ఆ పలక ముందు నేల మీద కూర్చుని గంటన్నర గీశాను. ఆ వర్తకుడు ఎలా వంగాడు, అతని పక్కన ఎంత జాగా ఉంది, ఆవిడ చూపు ఏ గీత మీదుగా పైకి పోతోంది, కొలుచుకున్నాను. నాలుగు కాగితాలు చింపేశాను, అయిదోది నిలిచింది. అందులో మూలన మోకాళ్ల మీద ఆంటీ, నేత చీర, కళ్లద్దాలతో, నిండు చెంబుని ధరణీదేవి చేతికి అందిస్తున్నారు. ఆకాశరాజు కాళ్లు కడిగే నీళ్లు ఆ చెంబులోవే. పక్కన అంకుల్, స్వెటర్ మీద ఉత్తరీయంతో, చెంబు అడుగున చెయ్యి ఆనించి ఉన్నారు.

మూడున్నర బస్సుకి తిరుగు ప్రయాణం. ఆంటీకి కాగితం చూపించాను. కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, "అంచు జరీది కాదే, నూలుది వెయ్యి" అన్నారు. దారిలో గూల్‌బర్న్ ఊరు దాటేదాకా ఆ కాగితం ఆవిడ ఒళ్లోనే ఉంది. దేవుళ్ల ముందు మోకరిల్లిన మామూలు మనుషులే ఆ గదిలోంచి నా మనసులో మిగిలారు. ఆ కాలం ధనికుల మీద, వాళ్ల దగ్గర పనిచేసిన చిత్రకారుల మీద పుస్తకాల్లో చదివింది వేరు, ఆ పులిపిరిని జానెడు దూరం నుంచి చూడ్డం వేరు. సెలవు పెట్టి వెళ్లండి, పెన్సిల్ మరిచిపోవద్దు.

ఏడింటికి కాన్‌బెర్రాలో దిగాం. అంకుల్ హీటర్ వేసుకుని కార్లో కూర్చుని ఉన్నారు. షాపింగ్ కవర్లు ఏవని అడగలేదు. వెనక సీట్లో కూర్చుని, మళ్లీ ధైర్యం చాలదేమోనని వెంటనే చెప్పేశాను.

"అంకుల్, ఆకాశరాజుకి మీ మొహం పెట్టను. ఫ్లెక్సీ కొట్టించుకున్నా సరే."

ఆయన గేరు వెయ్యబోయి ఆగారు. నేను కాగితం అందించాను. లోపలి దీపం వేసుకుని చూశారు. చూస్తూనే ఉన్నారు. ఆంటీ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"నా పొట్ట ఇంత ఉందా?"

"ఉంది అంకుల్."

ఆంటీ ఫక్కున నవ్వారు. అంకుల్ నవ్వలేదు. కాగితం మీద చెంబు దగ్గర వేలు ఆనించారు.

"నన్ను ఇంకొంచెం వెనక్కి జరుపమ్మా. ఈ నా చెయ్యి తీసెయ్. చెంబు ఏ అడ్డం లేకుండా కనపడాలి."