నెత్తురుకు పట్టిన తుప్పు

ఒక జరం మీద నేను పగబట్టాను. వినేవాళ్లు నవ్వుకుంటారు, నవ్వుకోనీ. పాలివాడి మీదో పక్క పొలంవాడి మీదో పగబట్టినవాళ్లకు వాడు ఎక్కడుంటాడో తెలుసు. వాకిట్లోకి వెళ్లి నాలుగు తిట్టి రావచ్చు. నా శత్రువు నా కార్జంలోనే, అంటే లివర్‌లోనే, కాపురం పెట్టింది. నా తిండే తిని నన్నే మంచాన పడేసింది.

మాది వరంగల్ మట్టెవాడ. మా అక్క మొగుడు, అంటే మా బావ, నేనూ కలిసి వరికోత మిషన్ ఒకటి కొన్నాం. రైతులతో మాట్లాడి పని పట్టుకురావడం ఆయన వంతు, నడపడం నా వంతు. ఆ సీట్లో కూర్చుంటే నేను రాజును. గట్టు తగలకుండా మడి మూల తిప్పడంలో నాకు సాటి లేరని పాలంపేట రైతులే అనేవాళ్లు. పక్కూరి నుంచి కూడా "ఆ పిలగాడినే పంపుండ్రి" అని ఫోన్లొచ్చేవి. కోతలప్పుడు ఇంటికి రావడమంటూ ఉండదు, మిషన్ పక్కనే పరదా పరుచుకొని పడుకోవడమే. అక్కడే ఏ దోమో కుట్టింది. దాని వంశం నాశనం గాను!

మొదటిసారి పళ్లు టకటకలాడేంత చలి పుట్టినప్పుడు, నెత్తురు చూసి మలేరియా అన్నారు. గోలీలు మింగాను, తగ్గింది. మళ్లీ కోతలొస్తున్నాయని మిషన్‌కు గ్రీజు పెడుతున్నానో లేదో, మళ్లీ చలి. ఆ తర్వాతి పంటకూ అదే వరస. నేను మంచంలో మూలుగుతుంటే నా సీట్లో బావ కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఊరుకున్నాడా? చాయ్ హోటల్ ముందు నలుగురిలో నిలబెట్టి, "కోతలు రాంగనే జరమొస్తది నీకు. ఏం టైమింగ్‌రా బామ్మర్దీ!" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మాటను భద్రంగా దాచిపెట్టుకున్నాను.

చలి మొదలైతే మా అమ్మకు తెలిసిన వైద్యం బొంత ఒక్కటే. పాత చీరలన్నీ కలిపి కుట్టిన ఆ బొంతను పెద్ద సందుగలో, పురుగు పట్టకుండా పిడికెడు డాంబర్ గోలీలు, అవే నాఫ్తలీన్ ఉండలు, వేసి దాచేది. దాన్ని దులపనైనా దులపకుండా తెచ్చి, నా తల దాకా కప్పి, అంచులు ఒంటి కిందికి దోపేది. "మంచిగ ముసుగేసుకో బిడ్డా, చెమట పడ్తే జరం దిగుతది" అనేది. ఆ తెల్ల గోలీల వాసన ముక్కులోంచి నెత్తికెక్కేది. మా ఇంట్లో జరమంటే ఆ వాసనే.

తర్వాత ఒక డాక్టర్ అసలు సంగతి చెప్పాడు. నెత్తురులో ఉన్న క్రిములు చచ్చినా, కొన్ని కార్జంలో దాక్కుని నిద్రపోతాయట. ఎప్పుడో లేచి మళ్లీ నెత్తురులోకి దూకుతాయట. వాటిని చంపే గోలీలు వేరే ఉన్నాయని రాసిచ్చాడు. దొరికావురా దొంగా అనుకున్నాను. రోజూ గోలీ చేతిలో పట్టుకొని, "సావు, నీ యవ్వ!" అని తిట్టి మరీ మింగేవాణ్ని. అప్పటికింకా వణుకు పోలేదు, పైన బొంత అలాగే ఉంది.

చచ్చేది అది కాదు, నేనే అనిపించింది. మూత్రం డికాషన్ రంగుకు తిరిగింది. కళ్లు పచ్చబడ్డాయి. మెట్లెక్కితే గుండె దడదడ. అక్క ఆటో పిలిచి పెద్ద దవాఖానకు తీసుకెళ్లింది. అమ్మ బొంతతో సహా ఎక్కింది.

అక్కడి డాక్టరమ్మ నా కళ్లు చూసింది, గోలీలు చూసింది, తర్వాత ముక్కు ఎగబీల్చింది.

"ఈ డాంబర్ గోలీల వాసన ఎక్కడిది?"

"బొంతదమ్మా," అంది అమ్మ గర్వంగా. "జరమొచ్చినప్పుడల్ల ఇదే కప్పుత. పురుగు ముట్టది."

డాక్టరమ్మ బొంతను బయటికి పంపించేసి, పరీక్షకు నెత్తురు తీయించింది. మరునాడు నా మంచం పక్కన కూర్చుని, నేనేం పని చేస్తానో కనుక్కుంది.

"మీ మిషన్‌ను వానల వదిలేస్తే ఏమైతది?"

"తుప్పు పడ్తది మేడం."

"నెత్తురు గూడ తుప్పు పడ్తది. మలేరియా క్రిమి ఎర్రకణంల దూరి, అండ్ల ఉన్న ఇనుమును కెలుకుతది. లోపల తుప్పు మొదలైతది. దాన్ని ఆపేటందుకు ఒంట్లనే గ్రీజు అసొంటిది తయారైతది, యాంటీఆక్సిడెంట్లు అంటం. జరమొస్తే ఎవరి ఒళ్లైనా ఆ గ్రీజు ఎక్కువ ఖర్చు పెడ్తది. నీకు పుట్టుకతోనే అది తక్కువ. నువ్వు మింగిన గోలీ కార్జంల క్రిమిని చంపుతది గని, నెత్తురుకు తుప్పు గూడ పట్టిస్తది. డాంబర్ గోలీలదీ అదే పని. క్రిమి, గోలీ, బొంత, మూడు కలిసి నీ నెత్తురు మీద పడ్డయ్."

అమ్మ తన కొంగు వాసన చూసుకుంది. నేను మాత్రం నాకు కావాల్సింది అడిగాను.

"మరి అది సచ్చిందా మేడం?"

"గోలీలు సగంల ఆపినం కదా. ఇంకా ఉండొచ్చు."

ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా ఏడ్చాను. ఆ గ్రీజు ఎంతుందో పరీక్ష చెయ్యకుండా గోలీలు రాసిచ్చిన ఆ డాక్టర్ దవాఖాన అద్దాల తలుపు పగలగొట్టి రావాలనిపించింది, కానీ మంచం దిగే ఓపిక లేదు.

"ఫికర్ చెయ్యకు," అంది డాక్టరమ్మ. "నీ అసొంటి నెత్తురుల ఆ క్రిమికి గూడ సుఖం ఉండది. అది దూరిన కణమే తుప్పు పట్టి కూలుతది."

దానికీ సుఖం లేదా! బాగా అయ్యింది. ఆ రోజు నేను తిన్న అన్నం ఒంటికి పట్టింది.

"దాన్ని నిమ్మళంగ చంపాలె," అందామె. "వారానికొక్క గోలీ. ప్రతిసారి నెత్తురు చూపించుకోవాలె. రెండు నెలలు పడ్తది. అప్పటిదాక పొలాల దిక్కు పోవద్దు. దోమ మళ్ల కుడితే చేసిందంత మన్నుల కలుస్తది."

నెత్తురు మళ్లీ పట్టి, వారపు గోలీలు మొదలుపెట్టేసరికి యాసంగి వరి ఈనుతోంది. అమ్మ సందుగలోని డాంబర్ గోలీలన్నీ ఏరి మోరీలో పారేసింది. బొంతను ఉతికి, మిద్దె మీద ఎండలో పడేసింది. నేను దోమల బ్యాటు పట్టుకొని గదులన్నీ తిరిగేవాణ్ని. ఒక్కొక్కటి చిటపటమని మాడుతుంటే ఎంత హాయి!

సగం గోలీలైనా కాకముందే కోతలు మొదలయ్యాయి. బావ మిషన్ తాళంచెవి కోసం వచ్చాడు.

"ఈసారన్న నడుపుతవా, మళ్ల బొంతేనా?"

తాళంచెవి నా పిడికిట్లో ఉంది. సీటెక్కితే జరం బతుకుతుంది. జరాన్ని చంపాలంటే సీటు ఈయనకే వదలాలి. తాళంచెవి ఆయన చేతిలో పడేశాను.

"తీస్కపో బావా. ముందు దాని సంగతి చూస్త, తర్వాత నీది."

ఆయన నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. నేను వారం వారం తిట్టుకుంటూ మింగాను. చలి రాలేదు. కళ్లు తెల్లగానే ఉన్నాయి. చివరి గోలీ కూడా మింగాక, నెత్తురు బాగుంది, ఇక పనికి పోవచ్చు అని డాక్టరమ్మతో అనిపించుకొని ఇంటికొచ్చేసరికి, వాకిట్లో ఆటో ఉంది. అక్క ఒక చేయి, అమ్మ ఒక చేయి పట్టుకొని బావను దింపుతున్నారు. బయట ఎండ మాడ్చేస్తోంది, ఆయన గజగజా వణుకుతున్నాడు.

"అత్తా... బొంత..." అన్నాడు.

అమ్మ తెచ్చి కప్పింది. ఎండ వాసన తప్ప దానికి ఇప్పుడు ఏ వాసనా లేదు. నేను ఆయన చెవి దగ్గరికి వంగాను.

"కోతలు రాంగనే జరమొస్తది నీకు. ఏం టైమింగ్ బావా!"

ఎవరూ నవ్వలేదు. ఆయన పళ్లు టకటకమంటున్నాయి.

"నిజంగనే గింతగనం ఉంటదారా?" అన్నాడు.

"ఉంటది బావా."

ఆ వణుకు ఎముకల్లో ఎక్కడ మొదలవుతుందో నాకు తెలుసు. పక్కన కూర్చుని బొంత అంచు జారకుండా పట్టుకున్నాను. నెత్తురు పరీక్ష కాకుండా ఒక్క గోలీ మింగనియ్యొద్దని అక్కకు గట్టిగా చెప్పాను. చెప్తూనే రెండో చేత్తో ఆయన చొక్కా జేబులోంచి మిషన్ తాళంచెవి తీసుకున్నాను. పాలంపేటలో వరి ఇంకా నిలబడే ఉంది.

"అమ్మా, దోమతెర ఎక్కడుంది?" అన్నాను.