గుంజ దగ్గరి కుక్క

హుకుంపేటలో మా కొట్టు వెనక గుంజకి దిక్కులేని కుక్కల్ని చూసే షెల్టర్ వాళ్లిచ్చిన కుక్కని కట్టాను. పెంచుకునేవాళ్లు దొరికేదాకా నా దగ్గర ఉంచమన్నారు, విప్పొద్దన్నారు. కొండ మీంచి వారం వారం సంతకి కాఫీ గింజలు తెచ్చే ముసలామె దాన్ని చూసి దూరంగానే ఆగిపోయింది.

"ఏటమ్మా, కరిసేత్తాదా? మా ఊళ్లో కరిసే కుక్కనే కడతారు."

ఆ మాట సంతంతా పాకింది. పెరటి దారిన రావడం అందరూ మానేశారు. పిల్లలు రాళ్లు కూడా రువ్వారు. నాకు ఒళ్లు మండింది. మళ్లీ సంతకి ముసలామె వచ్చినప్పుడు, ఆమె చూస్తుండగానే తాడు విప్పేసి "పో, తిరుగు!" అన్నాను.

కట్టి ఉన్నప్పుడు తాడు సాగినంత దూరమే వెళ్లింది కుక్క. అక్కడ ఆగి, వెనక్కొచ్చి, గుంజకి ఆనుకుని పడుకుంది.

ముసలామె దగ్గరికెళ్లి దాని మెడ నిమిరింది.

"దీన్నిలా సేసినోళ్లెవరమ్మా?"

తాడింకా నా చేతిలోనే ఉంది.